మున్షీ కుర్చీ

పోలీసు ఠాణా గడప తొక్కే అవసరం రానివాళ్ళు అక్కడ పెద్ద దిక్కు ఇన్‌స్పెక్టరే అనుకుంటారు. రాయ్‌పూర్‌లో ఆయన్ని టీఐ అంటారు. భుజం మీద చుక్కలు, సైరన్ జీపు, పేపర్లో ఫోటో అన్నీ ఆయనవే. కానీ ఠాణా చుట్టూ తిరిగిన అనుభవం ఉన్న మనిషిని అడిగి చూడండి, చక్రం తిప్పేది మున్షీ అని చెబుతారు. మన తెలుగు స్టేషన్లలో రైటర్ అంటామే, ఆయనే. వచ్చినవాళ్ళ మాట వినేది ఆయన, విన్నదాన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ముందుగా తేల్చేది ఆయన. ఠాణాలో రోజూ జరిగేది రాసే రోజ్‌నామ్‌చా ఆయన చేతిలో ఉంటుంది, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆయన జేబులో ఉంటుంది. దెబ్బలు తిన్న ఆడమనిషి చెప్పిన అరగంట కథ ఆయన కలం కింద "భార్యాభర్తల తగువు" అని మూడు ముక్కలైపోవచ్చు, లేదా నిలబడే కేసు కావచ్చు.

ఇదంతా నాకు పుస్తకాలు చదివి తెలిసింది కాదు. మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడిన కుటుంబం. 1931లో రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం పడ్డాక అలా వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామందే. పారా లీగల్ వాలంటీర్‌గా పేరు నమోదు చేయించుకున్నాక, హిందీ సరిగా రాని తెలుగు ఆడవాళ్ళకి తోడుగా ఠాణాకి వెళ్ళడం నా వంతు అయింది. వాళ్ళు చెప్పింది హిందీలో చెప్పాలి, పోలీసులు చెప్పింది తెలుగులో చెప్పాలి. అంతకుమించి నాకు అక్కడ అధికారం లేదు. అధికారం లేనివాళ్ళకి మాత్రం చూసే తీరిక బోలెడు ఉంటుంది.

అలా చూస్తూ చూస్తూ ఉండగానే, ఎక్కడో దేశం కాని దేశంలో ఆడ పోలీసుల కోసం లోకం పోసిన డబ్బు గురించి చదవడం మొదలైంది. మొదలుపెట్టించింది మన వాళ్ళే, లైబీరియాకి వెళ్ళిన సీఆర్‌పీఎఫ్ మహిళలు.

పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో 1989లో మొదలైన అంతర్యుద్ధం మధ్యలో కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ రాజుకుని, 2003లో ముగిసింది. ఆ యుద్ధంలో అత్యాచారం ఒక ఆయుధం. పోలీసులంటే జనానికి దోపిడీ ముఠాతో సమానం. ఐక్యరాజ్య సమితి శాంతి దళాలు దిగి, పాత పోలీసు శాఖను జల్లెడ పట్టి, కొత్తగా కట్టడం మొదలుపెట్టాయి. 2006లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్షురాలయ్యారు. ఆఫ్రికాలో ఎన్నికల్లో గెలిచి ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆవిడ. ఆ మరుసటి ఏడాది మొదట్లో భారత్ నుంచి సుమారు 125 మంది పోలీసు దళం మన్రోవియాలో దిగింది. అందులో నూరుమందికి పైగా మహిళలు, నాయకత్వం సీమా ధుండియాది. సమితి చరిత్రలో అలా మహిళలతోనే కూర్చిన పోలీసు దళం అదే మొదటిది. 1986లోనే మహిళా బెటాలియన్ పెట్టుకున్న సీఆర్‌పీఎఫ్‌కి అదేమంత కష్టం కాలేదు. ఏటేటా మనుషులు మారుతూ 2016 ఫిబ్రవరి దాకా ఆ దళం అక్కడ ఉంది.

వాళ్ళ పని అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా, గొడవలు జరిగితే గుంపుల్ని అదుపు చేయడం, రాత్రిపూట స్థానిక పోలీసులకి తోడుగా గస్తీ. లైబీరియా పోలీసుల్లో ఎక్కువమంది చేతిలో తుపాకి ఉండేది కాదు. చీకటి వీధుల్లో వాళ్ళ వెనకాల తుపాకులతో నడిచింది మన ఆడవాళ్ళు. తీరిక వేళల్లో చుట్టుపక్కల పిల్లలకి ఆత్మరక్షణ, మన డాన్సులు కూడా నేర్పారు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ గొప్ప చెప్పడానికి అందరూ వాడిన లెక్క ఒకటే. లైబీరియా భద్రతా రంగంలో మహిళల వాటా 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగింది. అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ కూడా వాళ్ళకి వీడ్కోలు చెబుతూ ఆ లెక్కనే ఎత్తి చూపారు.

ఆ అంకె చూసి నాకు ఛాతీ ఉప్పొంగిన మాట నిజమే. కాసేపయ్యాక నవ్వు కూడా వచ్చింది. 2007లో మన దేశ పోలీసుల్లో మహిళలు 5 శాతం కూడా లేరు. అంటే సాయానికి వెళ్ళిన దేశం కన్నా సాయం పుచ్చుకున్న దేశమే ఆ లెక్కలో మెరుగు. మన వాళ్ళు మన్రోవియా నుంచి సామాన్లు సర్దుకునే నాటికి వాళ్ళు 17కి చేరారు, మనం 7 చుట్టుపక్కల ఉన్నాం. పోలీసుల్లో మూడో వంతు మహిళలు ఉండాలని కేంద్ర హోం శాఖ 2009 నుంచీ రాష్ట్రాలకి సలహాలు రాస్తూనే ఉంది. 2025 నాటి ఇండియా జస్టిస్ రిపోర్ట్ చూస్తే ఇప్పుడు 12 శాతం దాటాం. ఆ ఉన్నవాళ్ళలోనూ పదిమందికి తొమ్మిదిమంది కానిస్టేబుల్ స్థాయిలోనే.

ఇక్కడే నాకు మున్షీ గుర్తొచ్చాడు.

లైబీరియాలో ఆ 17 శాతం ఎలా వచ్చిందో చూస్తే అందులో నిజమైన శ్రమ ఉంది. యుద్ధం వల్ల బడి మానేసిన ఆడపిల్లలకి పోలీసు ఉద్యోగానికి కావలసిన చదువు లేదు. అర్హత తగ్గించే బదులు, వాళ్ళకి త్వరగా హైస్కూలు చదువు పూర్తి చేయించే తరగతులు పెట్టారు. పైపైన చదివించారన్న విమర్శ తరవాత వచ్చింది, అందులో కొంత నిజమూ ఉంది. అయినా ఒక దేశం తన ఆడపిల్లల చేతికి ముందు పలక ఇచ్చి, తరవాత లాఠీ ఇచ్చిందంటే నాకు గౌరవమే. 2005లోనే మహిళలు, పిల్లల రక్షణకి పోలీసు శాఖలో ప్రత్యేక విభాగం పెట్టారు. దాతల డబ్బుతో గదులు కట్టారు, బళ్ళు ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు.

2013లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆ దేశపు పోలీసుల మీద ఒక నివేదిక వేసింది. ఫిర్యాదు రాయాలంటే డబ్బు, ఘటన జరిగిన చోటికి రావాలంటే పెట్రోలుకి డబ్బు, చివరికి రాసే కలానికి కూడా ఫిర్యాదుదారే డబ్బు ఇవ్వాలట. కలం సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఒక శాంతి దళం, ఒక అధ్యక్షురాలు, పది దేశాల డబ్బు, అన్నీ కలిసి నిలబెట్టిన ఠాణాలో కలం మాత్రం బాధితురాలు కొనుక్కోవాలి. పైనుంచి పోసింది కింద బల్ల దాకా చేరలేదు.

మరో సంగతి కూడా తేలింది. సబ్రీనా కరీమ్, కైల్ బియర్డ్‌స్లీ మొదలైన పరిశోధకులు లైబీరియా పోలీసులతోనే ఒక ప్రయోగం చేసి 2018లో ఫలితాలు అచ్చువేశారు. పోలీసుల్ని చిన్న చిన్న బృందాలుగా చేసి, కొన్నింటిలో ఆడవాళ్ళని ఎక్కువగా, కొన్నింటిలో తక్కువగా పెట్టి చూశారు. ఆడవాళ్ళున్న బృందాల్లో కలిసికట్టుతనం కాస్త పెరిగింది. లైంగిక హింసను గుర్తించి పట్టించుకునే గుణం మాత్రం వాళ్ళ సంఖ్యని బట్టి దానంతటదే పెరగలేదు. ఆడది కనక ఆడదాని బాధ తెలుస్తుందన్న ధీమా మీద ఎంతో డబ్బు ఖర్చయింది. యూనిఫాం వేసుకున్నాక ఆవిడ ఆ శాఖ మనిషి. ఆ శాఖ దేన్ని మెచ్చుకుంటుందో దాన్నే నేర్చుకుంటుంది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, మగ కానిస్టేబులూ అలాగే కదా చేసేది.

ఈ సాయాలన్నిటికీ మూలం ఎక్కడుందని వెతికితే భద్రతా మండలి 1325వ తీర్మానం దగ్గర తేలుతుంది. శాంతి, భద్రత వ్యవహారాల్లో మహిళలకి చోటుండాలన్న ఆ తీర్మానం 2000 అక్టోబరు 31న వచ్చింది. ఆ మర్నాడే, నవంబరు 1న, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టి రాయ్‌పూర్ రాజధాని అయింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఉన్న ఊరి మీద మమకారం కొద్దీ ఇలాంటివి గుర్తు పెట్టుకుంటాను, అంతే.

ఆఫ్ఘనిస్తాన్ కథ చెప్పడానికి నాకు మనసొప్పదు, కానీ దాటవెయ్యలేను. అక్కడ పోలీసుల జీతాలే విదేశీ డబ్బుతో నడిచాయి. సమితి అభివృద్ధి సంస్థ 2002లో పెట్టిన ఒక నిధిలో దాతలు వేసేవాళ్ళు, అందులోంచి జీతాలు వెళ్ళేవి. ఐదు వేలమంది ఆడ పోలీసులు కావాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2013 నాటికి ఉన్నది మొత్తం పోలీసుల్లో ఒక శాతం. చాలా స్టేషన్లలో వాళ్ళకి వేరే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది లేవు, ఉన్నచోట తలుపులకి కన్నాలు. లక్ష్యం రాసినవాళ్ళకి అంకె గుర్తుంది, గొళ్ళెం గుర్తులేదు. కాందహార్‌లో మహిళలపై నేరాల విభాగం నడిపిన మలాలై కాకర్‌ని 2008 సెప్టెంబరులో ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. హెల్మండ్‌లో పోలీసు అధికారిణి ఇస్లాం బీబీని 2013లో చంపారు, కొద్ది నెలల్లోనే ఆమె తరవాత వచ్చిన అధికారిణినీ చంపారు. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగొచ్చాక మిగిలినవాళ్ళ ఉద్యోగాలు పోయాయి. దాతల పుస్తకాల్లో ప్రగతి కింద నమోదైన పేర్లు, తెల్లారేసరికి ఆ ఆడవాళ్ళు దాచుకోవలసిన పేర్లయ్యాయి.

ఇవన్నీ చదివి, ఆ దేశాలు వేరు మనం వేరు అనుకుని పుస్తకం పక్కన పెట్టొచ్చు. రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. మనకి విదేశీ డబ్బు అక్కర్లేదు, ఢిల్లీ డబ్బు ఉంది. మావోయిస్టులతో పోరు నడిచిన బస్తర్ విషయంలో ఢిల్లీకి, రాయ్‌పూర్‌కి మధ్య నడిచిన లావాదేవీ చూస్తే, దాత దేశానికీ బలహీన రాజ్యానికీ మధ్య నడిచేదానికి అచ్చుగుద్దినట్టుంటుంది. డబ్బు ఒకరిది, పని ఇంకొకరిది, తప్పు జరిగితే ఎవరిదీ కాదు.

2005లో బీజాపూర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టుల మీదికి ఆదివాసీలనే నిలబెట్టారు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. మన దగ్గర గుత్తికోయలని పిలిచే జనంలో ఎందరో అలా వచ్చినవాళ్ళే. బస్తర్‌లోనే ఉండిపోయిన కుర్రాళ్ళని, కొందరు ఆడపిల్లల్నీ, ప్రత్యేక పోలీసు అధికారులు అన్న పేరుతో తీసుకున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నెలకి మూడు వేల రూపాయల గౌరవ వేతనం, రెండు నెలల శిక్షణ. తుపాకి పట్టడం, చట్టం, రాజ్యాంగం, మానవ హక్కులు అన్నీ ఆ రెండు నెలల్లోనే, పీరియడ్ల లెక్కన. ఐదో క్లాసు చదివినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ వేతనంలో సింహభాగం భద్రతా సంబంధిత ఖర్చుల పథకం కింద కేంద్రం తిరిగి చెల్లించేది.

దీని మీద నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశాఖపట్నంలో ఉండే మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2011 జూలై 5న తీర్పు వచ్చింది. రాసిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉన్నారు, తోడుగా జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. పిటిషనర్లలో ఒక తెలుగాయన, తీర్పరుల్లో ఒక తెలుగాయన అని మా ఇళ్ళల్లో అప్పట్లో కాస్త గర్వంగానే చెప్పుకున్నాం. ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని, మావోయిస్టుల మీద పోరుకి వాళ్ళని వాడటం వెంటనే ఆపాలని తీర్పు.

ఆ తీర్పులో నన్ను ఇప్పటికీ వదలనిది కేంద్రం ఇచ్చుకున్న జవాబు. పోలీసు వ్యవహారం రాష్ట్రాలది, ఎంతమందికి వేతనం తిరిగి ఇవ్వాలో ఆ సంఖ్యకి ఆమోదం చెప్పడం వరకే మా పాత్ర అన్నది దాని సారాంశం. ఎవర్ని తీసుకుంటున్నారు, ఏం నేర్పుతున్నారు, వాళ్ళ చేత ఏం చేయిస్తున్నారు అన్నది అడిగే పని తనది కాదట. కోర్టు ఒప్పుకోలేదు. అలాంటి నియామకాలకి నేరుగా గానీ చాటుగా గానీ తన నిధులు వాడటం మానాలని కేంద్రాన్ని కూడా ఆదేశించింది. దాత కూడా జవాబుదారే అని ఒక కోర్టు అంత సూటిగా చెప్పిన సందర్భం, నేను చదివినంతలో, మన్రోవియా కథలో లేదు, కాబూల్ కథలో లేదు. మన దండకారణ్యం కథలో ఉంది. ఆ తరవాత రాష్ట్రం ఒక కొత్త చట్టం చేసి ఆ కుర్రాళ్ళలో చాలామందిని సహాయక సాయుధ దళంలోకి తీసుకుంది. వేతనం పెరిగింది, పేరు మారింది. ఈ దేశంలో తీర్పులకి అలాంటి పక్కదారులు ఉంటూనే ఉంటాయి.

అదే బీజాపూర్ జిల్లాలో పెద్దగేలూరు, చిన్నగేలూరు అని రెండు ఊళ్ళున్నాయి. పేర్లు వింటేనే తెలుగు నేలకి ఎంత దగ్గరో తెలుస్తుంది. 2015 చివర్లో భద్రతా దళాలు ఆ ఊళ్ళ మీదుగా వెళ్ళినప్పుడు తమ మీద అత్యాచారాలు జరిగాయని ఆడవాళ్ళు చెప్పారు. జాతీయ మానవ హక్కుల సంఘం విచారణ జరిపి, అక్కడా మరికొన్ని ఊళ్ళలోనూ 16 మంది మహిళలు పోలీసుల చేతిలో అత్యాచారానికో, లైంగిక, శారీరక హింసకో గురయ్యారని ప్రాథమికంగా తేల్చింది. వాళ్ళకి 37 లక్షల రూపాయల పరిహారం ఎందుకు సిఫారసు చేయకూడదో చెప్పమని 2017 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసిచ్చింది. ఆ నోటీసు గురించి చదివినప్పుడు నా ఆలోచన ఒక్కచోటే ఆగింది. ఫిర్యాదు ఎవరి మీదో, దాన్ని రాసుకోవలసిందీ ఆ శాఖే. ఊరి నుంచి నడిచివచ్చి, ఎదురుగా కూర్చున్న యూనిఫాంకి, అదే యూనిఫాం మీద ఫిర్యాదు చెప్పాలి. తమ మాట తమ భాషలో కాక ఇంకొకరి హిందీలో కాగితం మీదికి ఎక్కాలి. మధ్యలో నాలాంటి అనువాదకులెవరో ఉండాలి. ఆ అనువాదకులు ఎవరి మనుషులు?

ఠాణాలో కూర్చుని నేర్చుకున్నదీ, పుస్తకాల్లో చదివిందీ నా వరకు కలిసింది అక్కడ. పోలీసు సంస్కరణకి డబ్బిచ్చేవాళ్ళు లెక్కపెట్టగలిగినవే ఇస్తారు. ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్ని గదులు, ఎన్ని శిక్షణలు, ఎన్ని బళ్ళు. అవన్నీ కావాలి, వద్దనడానికి నేనెవర్ని? ఫిర్యాదు చేయవచ్చిన ఆడమనిషికి మాత్రం రెండే విషయాలతో పని. చెప్పింది రాసే అధికారం ఉన్న మనిషి ఎదురుగా ఉన్నారా, రాయకపోతే నిలదీయడానికి ఇంకో చోటు ఉందా. ఈ రెండింటినీ డబ్బుతో కొనలేం, శాఖ లోపల ఎవరో ఒకరు తమ అధికారంలో కొంత వదులుకోవాలి. అందుకే పథకాల పట్టికల్లో వాటికి గడి ఉండదు.

అది అసాధ్యమేమీ కాదని పక్కింటివాళ్ళే చూపించారు. మధ్యప్రదేశ్‌లో 180 ఠాణాలు తీసుకుని కొన్నింటిలో మహిళా హెల్ప్ డెస్కులు పెట్టారు. వాటికి ఊర్జా డెస్కులని పేరు. కొన్ని ఠాణాల్లో ఏ మార్పూ లేకుండా ఉంచి రెండింటినీ పోల్చారు. సందీప్ సుఖ్తంకర్, గాబ్రియెల్ క్రుక్స్ విస్నర్, అక్షయ్ మంగ్లా చేసిన ఆ అధ్యయనం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. డెస్కున్న ఠాణాల్లో ఆడవాళ్ళ ఫిర్యాదులు ఎక్కువగా నమోదయ్యాయి. ఎఫ్‌ఐఆర్‌లు పెరిగింది మాత్రం ముఖ్యంగా ఆ డెస్కు బాధ్యత మహిళా అధికారికి అప్పగించిన చోట. తేడా తెచ్చింది ఆడది కావడం ఒక్కటే కాదని నా అభిప్రాయం. కూర్చోడానికి ఒక చోటు, ఎలా చేయాలో రాసిన పద్ధతి, శిక్షణ, పైఅధికారి కన్ను, వీటన్నిటితో పాటు రాసే పని నీదే అన్న ఆదేశం. లైబీరియా ప్రయోగంలో అంకె పెరిగినా రాని ఫలితం ఇక్కడ వచ్చిందంటే, ఇక్కడ అంకెతో పాటు పని కూడా చేతికిచ్చారు. ఆ తరవాత ఆ రాష్ట్రం దాదాపు 700 ఠాణాలకి వాటిని విస్తరించింది.

ఈ విషయంలో రాయ్‌పూర్‌ని చిన్నచూపు చూడక్కర్లేదు. హింసకి గురైన మహిళలకి వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తలదాచుకునే చోటు అన్నీ ఒకే కప్పు కింద ఇచ్చే సఖి కేంద్రాల్లో దేశంలో మొట్టమొదటిది 2015 జూలై 16న తెరిచింది ఈ ఊళ్ళోనే. నిర్భయ నిధి డబ్బు అది. 2021లో ఈ రాష్ట్ర పోలీసు శాఖ 13 మంది ట్రాన్స్‌జెండర్లని కానిస్టేబుళ్ళుగా తీసుకుంది. ఏ విదేశీ సలహాదారూ చెప్పకుండానే జరిగిందది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇక్కడివాళ్ళ సొంత పట్టుదల కలిసి తెచ్చాయి. పొద్దున్నే మైదానంలో పరుగులు తీసి సాధించుకున్న ఉద్యోగాలవి.

అయినా బల్ల దగ్గరికి వస్తే మళ్ళీ పాత కథే. ఊళ్ళో ఒక ఠాణా, ఏదో చెప్పను. గోడ మీద మహిళా హెల్ప్ డెస్క్ అని గులాబీ రంగు బోర్డు. దాని కింద బల్ల, రెండు కుర్చీలు, నీళ్ళ సీసా, ఒక రిజిస్టరు. డెస్కులో ఉన్న అమ్మాయికి ఇరవై అయిదు దాటి ఉండవు. నాతో వచ్చినావిడ పలాస దగ్గరి ఊరి మనిషి, భర్త కొట్టిన దెబ్బకి చెవి దగ్గర కమిలిపోయింది. ఆ అమ్మాయి లేచి కుర్చీ జరిపింది, నీళ్ళిచ్చింది, ఓపిగ్గా అంతా వింది, నేను చెప్పింది తెల్లకాగితం మీద వరసగా రాసుకుంది. అంత మర్యాదగా విన్నవాళ్ళని నేను అక్కడ అంతకుముందు చూడలేదు. అంతా అయ్యాక కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి ముఖం మారిపోయింది.

"దీదీ, మున్షీజీ భర్తని కూడా పిలిపించి మాట్లాడదామంటున్నారు."

"నువ్వు రాయకూడదా?"

"నా దగ్గర లాగిన్ లేదు. రేపు రండి దీదీ... రేపు కాదు, రేపు నాకు బందోబస్తు ఉంది. ఎల్లుండి రండి."

పలాస ఆవిడకి హిందీ రాకపోయినా సంగతి అర్థమైపోయింది. "రాసుకోరేటక్కా? ఇంతసేపూ ఇన్నాది కదా ఆ పిల్ల" అంది. ఏం చెప్పాలి? లైంగిక నేరమైతే మహిళా అధికారే వాంగ్మూలం రాయాలని 2013లో చట్టం మారిందని చెప్పనా? పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరమని తెలిసీ ఎఫ్‌ఐఆర్ రాయకపోతే పైఅధికారికి రాసుకోవచ్చని చెప్పనా? రెండోది చెప్పాను. ఎస్పీ ఆఫీసుకి దరఖాస్తు కూడా నేనే రాసిచ్చాను. అది కదిలి, కేసు నమోదయింది. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టేటప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదు, నాకే భయమేసింది, ఈవిడ మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాలి కదా అని.

ఆ కానిస్టేబుల్ పిల్ల మీద నాకేమీ కోపం లేదు. ఏ అధ్యయనం చేసినా ఆవిడ ఆ ఠాణాలో ఒక మహిళగా లెక్కకి వస్తుంది. శిక్షణ పొందిన మనిషిగా ఒకసారి, హెల్ప్ డెస్కుగా మరోసారి కూడా వస్తుంది. ఆవిడకి లేనిది ఆ లాగిన్ ఒక్కటే. ఊళ్ళోకి మంత్రి వస్తే ఖాళీ అయ్యే మొదటి కుర్చీ కూడా ఆవిడదే.

రాయ్‌పూర్‌లోనే 2024 ఆగస్టులో కేంద్ర హోం మంత్రి అమిత్ షా మావోయిస్టు సమస్యని 2026 మార్చి కల్లా ముగిస్తామని ప్రకటించారు. లైబీరియాలో సమితి దళం 2018 మార్చి 30న జెండా దించుకుని వెళ్ళిపోయింది. యుద్ధం కోసం వచ్చే డబ్బు యుద్ధంతోనే వెనక్కి మళ్ళుతుంది, లోకమంతటా అంతే. బస్తర్‌లో ఆ డబ్బు కట్టిన ఠాణాలు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. ఎత్తయిన గోడలు, కావలి బురుజులు, ఇసుక మూటలు, గేటు దగ్గర తుపాకి. మావోయిస్టు ప్రభావిత రాష్ట్రాల్లో అలాంటివి 400 కట్టే పథకం ఒకటి నడిచింది. దాడి జరిగితే లోపలివాళ్ళు బతికి బయటపడాలన్నది వాటి నిర్మాణంలో ఉన్న ఆలోచన. కొంగు బిగించి ఫిర్యాదు చెప్పడానికి వచ్చే మనిషి ఆ నక్షాలో లేదు.

2017లో సీఆర్‌పీఎఫ్ బస్తరియా బెటాలియన్ అని ఒకటి పెట్టి, అందులో మూడో వంతు స్థానిక ఆడపిల్లల్ని తీసుకుంది. 2019లో దంతెవాడ పోలీసులు దంతేశ్వరి ఫైటర్స్ పేరుతో మహిళా కమాండోల దళం పెట్టారు. అందులో లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్నారు, జుడుం కాలం నుంచి పోలీసుల వైపు ఉన్నవాళ్ళూ ఉన్నారు. పత్రికలు వాళ్ళ ఫోటోలు బాగానే వేశాయి, అడవిలో, తుపాకులతో. ఈ పిల్లల్ని తీసుకోడానికి ముఖ్య కారణం వాళ్ళకి ఆ దారులు తెలుసు, గోండీ, హల్బీ తెలుసు. కోంట వైపు పిల్లలకి దోర్లీ, దానితో పాటు తెలుగూ వస్తుంది. కూంబింగ్‌కి పనికొచ్చిన ఆ భాషే ఫిర్యాదు రాసుకోడానికీ కావాలి. పెద్దగేలూరు ఆడవాళ్ళ మాట అనువాదకులు లేకుండా నేరుగా కాగితం మీద పెట్టగలిగేది పోలీసు శాఖలో వీళ్ళే.

ఆ అడవి దళాల్లోని అమ్మాయిల్ని ఇక ముందు ఏం చేస్తారని, శిక్షణ వ్యవహారాలు చూసే ఒక అధికారిని ఆమధ్య ఒక సభలో అడిగాను. బెటాలియన్‌లోనే ఉంటారు, వీఐపీ డ్యూటీలకి కూడా బాగా పనికొస్తారు అన్నారు. ఠాణాల్లో రాతపనికి ఎందుకు వేయకూడదని అడిగితే, రాతపనికి మున్షీలు ఉన్నారు కదండీ అన్నారు.